గృహహింస నుండి కోలుకొను స్త్రీలకు వ్యాయామము, ఎరుక – పంచాయతీల కర్తవ్యము

కొల్లేటి తీరమున నివసించువారికి వరద స్వభావమును గూర్చి ఇతరులు చెప్పనక్కరలేదు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు మొదలగు ఏరులు ఎగువనుండి నీటిని తెచ్చి సరస్సులో కలుపును. ఆ నీరు సముద్రమును చేరుటకు ఉప్పుటేరే మార్గము. ఎగువన వాన ఒకటి రెండు దినములలో వెలిసినను, కొల్లేటి మట్టము దిగుటకు ఎన్నియో దినములు పట్టును. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడను ముంచినప్పుడు ఈ సంగతి లంక గ్రామములవారికి మరల అనుభవమునకు వచ్చినది.

భర్తచేత దెబ్బలు తిన్న స్త్రీ స్థితియు ఇట్టిదే. కొట్టుట ఆగిననాడే ఆమె శరీరములోని భయము ఆగిపోదు. ఊరి పెద్దలు "కొట్టుట మాన్పించితిమి, ఇక తగవు తీరినది" అని తలంతురు. తగవు తీరియుండవచ్చును, ఆమెకు నిద్ర మాత్రము పట్టదు. ఆ భయము వెలుపలికి పోవుటకు ఒక ఉప్పుటేరు కావలెను. క్రమమైన నడక, తేలికయైన వ్యాయామము, ఎరుకతో కూడిన శ్వాస సాధన అట్టి మార్గములలో ముఖ్యమైనవని వైద్యులు నేడు గుర్తించుచున్నారు. ఇందుకు గ్రామ పంచాయతీ చేయగలిగినదేమి, చేయరానిదేమి అనునది ఈ వ్యాసమున వివరింపబడుచున్నది.

ఇది ఎందరి సమస్య?

2019–21 సంవత్సరములలో జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, మన రాష్ట్రములో 18 నుండి 49 ఏండ్ల వయస్సుగల వివాహిత స్త్రీలలో నూటికి దాదాపు 30 మంది ఎప్పుడో ఒకప్పుడు భర్తవలన హింసకు గురియైనవారే. దేశము మొత్తముమీదను లెక్క ఇంచుమించుగా ఇంతియే. హింసకు గురియైన స్త్రీలలో ఎవరినైనను సహాయము కోరినవారు దేశములో నూటికి 14 మంది మాత్రమే.

ఈ రెండు అంకెలను కలిపి చూడవలెను. "మా వార్డులో అట్టి ఫిర్యాదు ఒక్కటియు లేదు" అని సభ్యులు చెప్పినంతమాత్రమున ఆ వార్డులో అట్టి బాధ లేదని అర్థము కాదు. బాధపడువారు నోరు విప్పుట లేదనియే తరచుగా అర్థము.

మొదట రక్షణ, పిమ్మట సాధన

వ్యాయామమును గూర్చి చెప్పుటకు ముందు ఒక మాట స్పష్టము చేయవలసియున్నది. ఇంకను దెబ్బలు తినుచున్న స్త్రీతో "శ్వాస మీద ధ్యాస నిలుపుము, మనస్సు కుదుటపడును, సంసారము సర్దుకొనును" అని చెప్పుట మేలు కాదు. అది ఆమెకు దెబ్బలను ఓర్చుకొనుట నేర్పుటయే యగును. ఈ సాధన హింసను ఆపదు. హింసను ఆపవలసినది చట్టము, సంఘము. హింసనుండి బయటపడిన స్త్రీ కోలుకొనుటకు మాత్రమే ఇది తోడ్పడును.

గృహహింసనుండి స్త్రీల రక్షణకై 2005లో చేయబడిన చట్టము 2006 అక్టోబరు 26 నుండి అమలులోనున్నది. కొట్టుట మాత్రమే గాక, లైంగిక హింస, దుర్భాషలాడి అవమానించుట, తిండికి బట్టకు డబ్బీయకుండుట, ఆమె సొమ్మును లాగికొనుట సైతము ఈ చట్టము దృష్టిలో హింసయే. బాధితురాలికి అదే యింటిలో నివసించు హక్కును, రక్షణోత్తర్వును, జీవనభృతిని మేజిస్ట్రేటు ఇప్పించవచ్చును. రక్షణోత్తర్వును ఉల్లంఘించినవానికి ఒక సంవత్సరము వరకు జైలు, 20,000 రూపాయల వరకు జరిమానా, లేక ఈ రెండును విధింపవచ్చును. భర్తగాని అతని బంధువులుగాని భార్యను క్రూరముగా హింసించుట 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 85వ సెక్షను క్రింద మూడేండ్ల వరకు జైలుశిక్షకు తగిన నేరము.

"ఇది వారి యింటి గుట్టు, మనమేల కలుగజేసికొనవలెను?" అని కొందరు సభ్యులు సంకోచింతురు. హింస జరుగుచున్నదని నమ్మదగిన కారణమున్నచో, ఎవరైనను రక్షణాధికారికి తెలుపవచ్చునని ఆ 2005 చట్టమే చెప్పుచున్నది. సద్భావముతో తెలిపినవారిపై కేసులు పెట్టుటకు వీలులేదు.

సభ్యులు ఈ సంఖ్యలను గుర్తుంచుకొనవలెను. తక్షణాపదలో 112. స్త్రీల సహాయమునకు 181. ఉచిత న్యాయ సహాయమునకు 15100. ఆదాయముతో నిమిత్తము లేకుండ ప్రతి స్త్రీయు ఇందుకు అర్హురాలు. మానసిక వ్యథలో సలహాకు 14416. జిల్లాలలోని వన్ స్టాప్ కేంద్రములలో (సఖి) వైద్యము, పోలీసు సహాయము, న్యాయ సలహా, అయిదు దినముల వరకు తాత్కాలిక ఆశ్రయము ఒకేచోట లభించును. 181కి ఫోను చేసినచో దగ్గరలోనున్న కేంద్రమునకు దారి చూపుదురు.

శరీరములో జరుగునదేమి?

ఎద్దు కొమ్ములు విసరుచు మీదికి వచ్చినదనుకొందము. క్షణములో గుండె వేగము హెచ్చును, ఊపిరి పైపైన ఆడును, కండరములు బిగియును. అడ్రినలిన్, కార్టిసాల్ అను హార్మోనులు రక్తములో చేరి శరీరమును పోరాటమునకో పరుగునకో సిద్ధము చేయును. ఎద్దు తొలగిపోయినంతనే శరీరము క్రమముగా నెమ్మదించును. ఇది ప్రకృతి మనకు చేసిన మేలు.

కాని ఆపద తన యింటిలోనే ఏండ్ల తరబడి కాపురముండినచో, మెదడు కావలి దిగుట మరచిపోవును. పుట్టింటికి వచ్చి ఆరు నెలలైన ఒక గృహిణిని ఊహింపుడు. ఇపుడామెను కొట్టువారెవరును లేరు. అయినను తలుపు చప్పుడైన ఉలికిపడును. వీధిలో మోటారుసైకిలు ఆగినచో చేతిలోని చెంబు జారును. రాత్రి రెండు గంటలకు చెమటలతో మేల్కాంచును. కూరలో ఉప్పు వేసినదో లేదో గుర్తుండదు. పిల్లవాడు మారాము చేసినచో అకారణముగా కసరి, పిమ్మట తానే ఏడ్చును. ఇరుగుపొరుగువారు "గాలి సోకినది" అందురు; "కాపురము వదలుకొని వచ్చెను గదా, దిగులు" అందురు. ఇది గాలియు కాదు, బుద్ధిలోపమును కాదు. గాయపడిన నరములు ఇంకను కావలి కాయుచున్నవి. ఇట్టి స్థితి ముదిరినచో వైద్యులు దానిని వ్యాధిగా గుర్తించి చికిత్స చేయుదురు.

ఇచ్చట శ్వాస ఉపయోగపడును. గుండె కొట్టుకొనుటను మనము ఆజ్ఞాపించలేము. ఊపిరిని మాత్రము కొంతవరకు మన అదుపులో ఉంచుకొనగలము. ఊపిరిని పీల్చుకొను కాలముకంటె విడచు కాలము ఎక్కువైనప్పుడు, మెదడునుండి గుండెకు పోవు వేగస్ అను నరము గుండె వేగమును తగ్గించును. "ఆపద లేదు" అని మెదడుకు మాటలతో చెప్పుటకంటె ఊపిరితో చెప్పుట సులభము.

పని వేరు, వ్యాయామము వేరు

"మా ఊరి స్త్రీలు తెల్లవారినది మొదలు ఊడ్పులలోను, రొయ్యల షెడ్లలోను నడుము విరుగునట్లు పనిచేయుచున్నారు. వారికి మరల వ్యాయామమెందుకు?" అను ప్రశ్న సహజముగా వచ్చును. ఇది తోసివేయదగిన ప్రశ్న కాదు.

షెడ్డులో నిలువుకాళ్లపై రొయ్యల తలలు తీయునప్పుడు గాని, తాడేపల్లిగూడెము మార్కెట్టులో ఉల్లిపాయలు ఏరునప్పుడు గాని, శరీరము ఒకరి ఆజ్ఞకు, ఒక లెక్కకు లోబడి కదలును. నొప్పి కలిగినను ఆపుటకు వీలులేదు. దెబ్బలు తిన్న స్త్రీకి ఇంటిలోను అదే అనుభవము: తన దేహము తన వశములో లేదు. వ్యాయామములో కదలుటయు, ఆగుటయు ఆమె యిష్టము. చేయి ఎంతవరకు ఎత్తవలెనో ఆమెయే నిర్ణయించును. నొప్పి కలిగినచో దించును. ఈ చిన్న స్వాతంత్ర్యమే ఔషధము. "ఈ దేహము నాది" అను నమ్మకము ఇచ్చటనే మరల మొలకెత్తును.

అయితే పనిచేసి అలసిన స్త్రీపై కఠిన వ్యాయామము మోపరాదు. ఆమెకు కావలసినది బిగిసిన మెడ, భుజములు, నడుము సడలుట, నెమ్మదియైన నడక, విశ్రాంతి. మన రాష్ట్ర స్త్రీలలో సగమునకు మించినవారికి రక్తహీనత కలదు. కావున ముందుగా ఏ.ఎన్.ఎం. చేత రక్తపరీక్ష చేయించుట మంచిది.

ఎరుక అనగానేమి?

ఇంగ్లీషువారు మైండ్‌ఫుల్‌నెస్ అను దానిని మనము ఎరుక అనవచ్చును. గడచినదానిని త్రవ్వుకొనక, రాబోవుదానికి బెదరక, ఈ క్షణమున ఉన్నదానిని ఉన్నట్లు గమనించుటయే ఎరుక. ఇది మనకు క్రొత్త కాదు. ఏలూరునకు ఎగువన కామవరపుకోట ప్రాంతమున గుంటుపల్లి కొండలలో క్రీస్తుపూర్వమే బౌద్ధ భిక్షువులు గుహలు తొలిపించుకొని నివసించిరి. బౌద్ధులు సాధన చేసిన ఈ గుణమునకు పాలీ భాషలో సతి అని పేరు. 1979లో అమెరికాలో జాన్ కబాట్-జిన్ అను శాస్త్రజ్ఞుడు దీనిని మతముతో సంబంధము లేకుండ ఆసుపత్రిలో రోగులకు నేర్పుట ప్రారంభించెను. కావున ఏ మతమువారైనను సంకోచము లేకుండ అభ్యసింపవచ్చును.

దీనివలన ఫలమున్నదా? 2014లో బెస్సెల్ వాన్ డెర్ కోల్క్ అను వైద్యుడును ఆయన సహచరులును అమెరికాలో ఒక పరిశీలన ప్రచురించిరి. తీవ్రమైన మానసిక గాయమువలన బాధపడుచు, చికిత్సకు లొంగని 64 మంది స్త్రీలను రెండు బృందములుగా చేసిరి. ఒక బృందమునకు వారమునకు గంట చొప్పున 10 వారములు యోగా నేర్పిరి. రెండవ బృందమునకు ఆరోగ్య పాఠములు చెప్పిరి. చివరకు యోగా చేసిన 31 మందిలో 16 మంది ఆ వ్యాధి నిర్ణయమునుండి బయటపడిరి. రెండవ బృందములోని 29 మందిలో 6గురు మాత్రమే బయటపడిరి. ఈ పరిశీలన చిన్నది. అందలి వారందరును భర్తల హింసకు గురియైనవారే కారు. ఇది అందరికి నయము చేయునని చెప్పుట సత్యము కాదు. వైద్యమునకు తోడుగా, ఖర్చు లేకుండ, గ్రామములో చేయదగిన మేలని మాత్రము చెప్పవచ్చును.

గ్రామములో ఎట్లు నడపవలెను?

మొదటి నియమము: ఈ కార్యక్రమమునకు "బాధిత స్త్రీల తరగతి" అని పేరు పెట్టరాదు. అట్లు పెట్టినచో ఒక్కరును రారు. వచ్చినవారికి ఊరిలో తలవంపు. "మహిళల వ్యాయామ వేళ" అని పేరుపెట్టి ఊరి స్త్రీలందరిని పిలువవలెను. అందరిలో ఆమెయు ఒకతె యగును.

స్థలము: బడి వరండా, అంగన్‌వాడీ కేంద్రము, సామాజిక భవనము, తుఫాను రక్షిత భవనము ఏదైనను చాలును. త్రాగునీరు, మరుగుదొడ్డి, దీపము ఉండవలెను. తలుపులు గడియవేయరాదు, బయటకు పోవు దారి అందరికి కనబడుచుండవలెను. ఆ వేళ మగవారు అచ్చట గుమికూడకుండ సభ్యులు చూడవలెను. లంక గ్రామములలో చేపల చెరువు గట్లు నడకకు అనువైనవిగా కన్పించును గాని, చీకటిపడిన పిమ్మట నిర్జనమైన గట్టుపైకి పంపరాదు. వానకాలమున దారులు మునిగినపుడు వరండాయే శరణ్యము.

వేళ: దీనిని పంచాయతీ నిర్ణయింపరాదు, స్త్రీలనే అడుగవలెను. చంటిపిల్లలను కూర్చుండబెట్టుకొనుటకు ఒకరిని ఏర్పాటు చేసినచో హాజరు పెరుగును.

నడుపువారు: స్త్రీయే కావలెను. పొదుపు సంఘ సభ్యురాలు, ఉపాధ్యాయిని, ఆశా కార్యకర్త ఎవరైనను కావచ్చును. 2025లో మే 21 నుండి జూన్ 21 వరకు జరిగిన యోగాంధ్ర కార్యక్రమములో ఆసనములు నేర్చినవారు గ్రామములో ఉన్నచో వారి తోడ్పాటు పొందవచ్చును.

క్రమము: మొత్తము 45 నిమిషములు చాలును. మొదటి 5 నిమిషములు కూర్చుండి పాదములు నేలను తాకుచున్న స్పర్శను గమనింపవలెను. తరువాత 20 నిమిషములు ఇద్దరిద్దరుగా, మాటలాడుకొనుటకు వీలైన వేగముతో నడువవలెను. తరువాత 10 నిమిషములు మెడ, భుజములు, నడుము నెమ్మదిగా కదల్చవలెను. 5 నిమిషములు శ్వాస: మూడు లెక్కించుచు పీల్చి, అయిదు లెక్కించుచు విడువవలెను, ఊపిరిని బిగబట్టరాదు. చివరి 5 నిమిషములు ఊరక కూర్చుండుట. వారమునకు మూడు దినములతో ప్రారంభింపవచ్చును. పెద్దలకు వారమునకు కనీసము 150 నిమిషముల మధ్యరకపు శ్రమ కావలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించినది. నెలలు గడచినకొలది అంతవరకు పెంచుకొనవచ్చును.

ఇంటివద్ద హఠాత్తుగా భయము కమ్మినపుడు చేయదగిన ఉపాయము ఒకటి కలదు. కంటికి కనబడు అయిదు వస్తువులను మనస్సులో పేర్కొనవలెను: తాటిచెట్టు, పడవ, గూడబాతు, గడపపై ముగ్గు, పిల్లవాని పలక. పిమ్మట చేతికి తగులు నాలుగింటిని, చెవికి వినబడు మూడింటిని గమనింపవలెను. మనస్సు ఆనాటి రాత్రినుండి ఈనాటి పగటికి తిరిగి వచ్చును.

తప్పనిసరి జాగ్రత్తలు

1. కన్నులు మూసికొనుమని బలవంతము చేయరాదు. కన్నులు మూయగానే కొందరికి పాత దృశ్యములు ముందుకు వచ్చును. కన్నులు తెరచి నేలను చూచుచు సాధన చేయవచ్చును.

2. భంగిమను సరిదిద్దుటకైనను ఒకరినొకరు తాకరాదు. "చేయవలెను" అని గాక "ఇష్టమైనచో చేయుడు" అని చెప్పవలెను. మధ్యలో లేచిపోవువారిని ప్రశ్నింపరాదు.

3. "నీకేమి జరిగినది?" అని అందరియెదుట అడుగరాదు. తానై చెప్పినచో నమ్మి వినవలెను, విన్నది వీధికెక్కరాదు.

4. గొంతు నులుమబడిన స్త్రీని, తలకు దెబ్బ తగిలిన స్త్రీని, పైకి గాయము లేకపోయినను, వెంటనే వైద్యునికి చూపవలెను. గొంతు నులిమినవాడు మరల ప్రాణాపాయము కలిగించు ప్రమాదము ఎక్కువ. గర్భవతులును, ఎముకలు విరిగినవారును వైద్య సలహా లేకుండ వ్యాయామము చేయరాదు.

5. చనిపోవలెనను మాట ఎవరినోటనైనను వచ్చినచో తేలికగా తీసికొనరాదు. ఆమెను ఒంటరిగా విడువక, వైద్యునివద్దకు తీసికొనిపోవలెను. 14416కు ఫోను చేయవలెను.

6. హాజరు పట్టీలో సంఖ్య వ్రాసిన చాలును, పేర్లు వలదు. ఫోటోలు తీయవలదు. ప్రచార శాఖలో పనిచేయు ఉద్యోగియై యుండియు ఈ మాట వ్రాయుచున్నాను. ఒక్క ఫోటో ఫోనులనుండి ఫోనులకు పోయి, ఆమె ఎచ్చటనున్నదో వెదకుచున్నవాని చేతిలో పడవచ్చును. భర్తను విడచివచ్చిన కాలమే స్త్రీకి అత్యంత ప్రమాదకరమైన కాలమని గుర్తుంచుకొనవలెను.

కూడినచోట మాట పుట్టును

1990 దశకము ఆరంభమున నెల్లూరు జిల్లాలో అక్షరదీపము వెలిగించుటకు రాత్రి బడులు నెలకొల్పబడెను. చదువుటకు కూడిన స్త్రీలు చదువుతోపాటు తమ బాధలను చెప్పుకొనిరి. దూబగుంట స్త్రీలు 1992లో సారా దుకాణమును మూయించిరి. ఆ ఉద్యమము రాష్ట్రమంతట వ్యాపించి, 1993లో సారా నిషేధమునకును, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధమునకును దారితీసెను. 1997లో ఆ సంపూర్ణ నిషేధము సడలింపబడినది గాని, ఆ స్త్రీలు చూపిన దారి చెరిగిపోలేదు. నిర్భయముగా కూర్చుండుటకు ఒక చోటు దొరికినచో స్త్రీలు తమ బాధకు తామే మాట వెదకుకొందురు. వ్యాయామ వేళయు అట్టి చోటు కాగలదు. ఆరు వారములు ప్రక్క ప్రక్కన నడచిన పిమ్మట ఒకనాడు ఒక స్త్రీ, "అక్కా, నాకు రాత్రులు నిద్రపట్టదు" అని చెప్పవచ్చును. ఆ ఒక్క మాట వినబడుటకే ఈ ఏర్పాటంతయు.

పంచాయతీ సభ్యులకు మనవి

గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో గుర్తింపబడిన అంశములలో మహిళా స్నేహపూర్వక పంచాయతీ అనునది ఒకటి. చాపలు, దీపము, మరుగుదొడ్డి మరమ్మతు వంటి స్వల్ప అవసరములను మహిళా సభలో చర్చించి ఆ ప్రణాళికలో చేర్పింపవచ్చును. మన రాష్ట్రమున పంచాయతీ స్థానములలో సగము స్త్రీలవి. ఎన్నికైన సభ్యురాలు ఈ విషయమున తన భర్తను గాని కుమారుని గాని పంపక, స్వయముగా కూర్చుండి వినవలెను. మగవాని యెదుట చెప్పలేని మాటలు ఆమెతో చెప్పుదురు.

ఇక తగవు పెద్దల ఎదుటికి వచ్చినపుడు ఒక అలవాటు మానవలెను. భర్తచేత "ఇకమీదట కొట్టను" అనిపించి, భార్యచేత "సర్దుకొందును" అనిపించి, ఇద్దరిని ఇంటికి పంపి రాజీ కుదిర్చితిమనుకొనుట మన గ్రామములలో చిరకాలపు వాడుక. ఆమె ఇష్టము కనుగొనక, ఆమె రక్షణకు ఏర్పాటు చేయక కుదిర్చిన రాజీ, గండి పూడ్చకుండ గట్టుకు సున్నము పూయుటవంటిది. "నీవు ఏమి కోరుచున్నావమ్మా?" అని ఆమెను విడిగా అడుగుటయే పెద్దరికము.

వరదవచ్చినపుడు కొల్లేటి గ్రామములవారు నీరు తీయువరకు ఇల్లు విడచినవారిని "ఇంకను ఎందుకు రాలేదు?" అని తొందరపెట్టరు. నీటికి దారి చూపుదురు, వేచియుందురు. హింసనుండి బయటపడిన స్త్రీయెడలను పంచాయతీ చూపవలసినది ఆ ఓర్పే. ఆమెకు రక్షణ కల్పింపుడు. వారమునకు మూడు దినములు ఒక వరండాను, ఒక గంటను ఆమెకు విడువుడు. మట్టము దిగువరకు వేచియుండుడు.